చదరంగం ఆడిన మృత్యువు వెనుక ఒక దర్శకుడు

సముద్రతీరంలో యోధుడితో చదరంగం ఆడే మృత్యువు. నల్లని అంగీ, సున్నం పూసినట్టున్న ముఖం. స్వీడిష్ సినీ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ తీసిన ‘ది సెవెంత్ సీల్’లోని ఆ రూపాన్ని సినిమా చూడనివారు సైతం గుర్తుపడతారు. ఆ వేషం కట్టిన బెంగ్ట్ ఎకెరోట్ పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆయనను సహాయ నటుడనే మాటతో సరిపెట్టడం అన్యాయం.

1920లో స్టాక్‌హోమ్‌లో పుట్టిన ఎకెరోట్, స్వీడన్ జాతీయ నాటకశాల డ్రామాటెన్ నడిపే పాఠశాలలో నటన నేర్చుకున్నారు. అప్పటి స్వీడన్‌లో నాటకం, సినిమా వేర్వేరు లోకాలు కావు. చలికాలమంతా రంగస్థలం మీద పనిచేసిన నటులే, నాటకశాలలు మూతపడే వేసవిలో బెర్గ్‌మన్ కెమెరా ముందుకు వచ్చేవారు. ఆ సినిమాల్లో చిన్న పాత్రలు సైతం అంత బలంగా నిలబడటానికి ఇదే మూలమని నా నమ్మకం.

ఎకెరోట్ విషయంలో ఆ బంధం ఇంకా దగ్గరిది. ‘ది సెవెంత్ సీల్’ బెర్గ్‌మన్ రాసిన ఒక ఏకాంకిక నుంచి పుట్టింది. 1955లో దాన్ని డ్రామాటెన్‌లో ప్రదర్శించినప్పుడు దర్శకుడు ఎకెరోటే.

ఆ మరుసటి ఏడాది ఆయన జీవితంలో శిఖరం. అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్, తాను పోయిన 25 ఏళ్ళ దాకా ప్రచురించవద్దని కట్టడి చేసిన ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’ను ఆయన భార్య కార్లోటా డ్రామాటెన్ చేతికిచ్చారు. 1956 ఫిబ్రవరి 10న దాని ప్రపంచ తొలి ప్రదర్శన జరిగింది, అదీ స్వీడిష్‌లో! లార్స్ హాన్సన్, ఇంగా టిడ్‌బ్లాడ్, ఉల్ఫ్ పాల్మె, యార్ల్ కుల్లె వంటి హేమాహేమీలను నడిపించిన దర్శకుడు ఎకెరోట్. అప్పటికి ఆయన వయసు 36.

అదే వేసవిలో హోవ్స్ హల్లార్ రాతితీరంలో ఆయన మృత్యువు వేషం కట్టారు. కళ్ళు పెద్దవి చేయకుండా, గొంతు పెంచకుండా, పని మీద వచ్చిన మనిషిలా మాట్లాడతాడు ఆ మృత్యువు. భయం పుట్టేది అక్కడే. ఆ నిగ్రహంలో నాకు నటుడితోపాటు దర్శకుడూ కనిపిస్తాడు.

1958లో బెర్గ్‌మన్ ‘ది మెజీషియన్’లో తాగుడుకు చితికి, చావుకు చేరువైన నటుడు స్పెగెల్‌గా మళ్ళీ వచ్చారు. కనిపించేది కొద్దిసేపే అయినా కథ మలుపు తిరిగేది ఆ పాత్ర శవంతోనే. ఎకెరోట్ 1971 నవంబరులో, 51 ఏళ్ళకే కన్నుమూశారు.