కొత్త టీవీలో బొమ్మ మసగ్గా ఉందా? ప్యానెల్‌ని తిట్టేముందు వెనకాల వైరు చూడండి

దసరాకి, సంక్రాంతికి టీవీలు బాగా అమ్ముడుపోతాయి. పండగ వెళ్లిన వారం నుంచి నా ఫోన్ మోగుతుంది. "అన్నా, నలభై వేలు పోసి కొన్నాం. మొహాలన్నీ అలికేసినట్టున్నాయి. పాత డబ్బా టీవీయే నయం. ప్యానెల్ పోయిందంటావా?"

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. మొదట్లో పిక్చర్ ట్యూబులు, ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్లు, ఇప్పుడు బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు, మదర్‌బోర్డులు. ఈ ఫోన్లు వచ్చిన ఇళ్లకి వెళ్లి చూస్తే, చాలాసార్లు టీవీకి ఏ రోగమూ ఉండదు. ఆ సంగతి చెబితే "మరి బొమ్మ బాలేదు కదా" అని నన్నే అనుమానంగా చూస్తారు.

అపోహ: టీవీ హెచ్‌డీ అయితే బొమ్మ హెచ్‌డీయే. అలా రాలేదంటే టీవీలో లోపం.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది దీనివల్లే. అందుకే దీని గురించి కాస్త పొడుగ్గా చెబుతాను.

మొన్న వేసవిలో మా వీధి చివరి లెక్కల మాస్టారు కబురు పెట్టారు. రిటైరై చాలా ఏళ్లయింది. డాలస్‌లో ఉన్న అబ్బాయి డబ్బు పంపితే 55 అంగుళాల 4కే టీవీ తెప్పించుకున్నారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడకి తగిలించి, పాత డిష్ బాక్సు కలిపేసి, రిమోట్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వారం చూశాక మాస్టారు తన కళ్లలో శుక్లాలు ముదిరాయేమోనని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చారు. కళ్లు బాగానే ఉన్నాయన్నారట. ఆ తర్వాత ఎవరో మెకానిక్ వచ్చి, ప్యానెల్ మార్చాలి, పద్దెనిమిది వేలవుతుందన్నాడట. కొత్త టీవీకి! వారంటీలో ఉన్నదానికి! "మావాడికి చెబితే బాధపడతాడని చెప్పలేదురా అబ్బాయి" అన్నారు మాస్టారు. ఆయన అంత పెద్ద టీవీ ఎదురుగా తప్పు చేసినవాడిలా కూర్చుని ఉంటే నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చాను. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు తగిలింది. కొన్ని కొత్త టీవీల్లో ఆ మూడు పిన్నులకి చోటు ఉండదని కంపెనీవాళ్లే అట్టపెట్టెలో ఒక పొట్టి అడాప్టర్ పెడతారు. కుర్రాడు శ్రమపడి దాన్ని వెతికి మరీ తగిలించాడు. పక్కనే హెచ్‌డీ బొమ్మని మోసే హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు ఖాళీగా ఉన్నాయి.

లెక్కల మాస్టారు కాబట్టి లెక్కలోనే చెప్పాను. పాత బాక్సు పంపే బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. హెచ్చవేస్తే 4,14,720. ఈ టీవీ తెర మీద 3840 × 2160, అంటే 82,94,400. దీన్ని దానితో భాగించండి మాస్టారూ అన్నాను. పెన్ను కూడా తీయకుండా "సరిగ్గా ఇరవై" అన్నారు. అదే సంగతి. తెర మీద ఇరవై చుక్కలుంటే లోపలికొచ్చేది ఒక్కటే. మిగతా పంతొమ్మిదింటికీ టీవీ తనంతట తాను రంగు ఊహించి నింపుకోవాలి. పైగా ఆ బాక్సు గీతల్ని ఒకేసారి పంపదు, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. పంపేవాడు ఇంకో పది ఛానళ్లు ఇరికించుకోవడానికి అంతకుముందే దాన్ని పిండేసి ఉంటాడు. పాస్‌పోర్ట్ ఫొటోని పుట్టినరోజు ఫ్లెక్సీకి పెంచితే మొహం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అలాంటప్పుడు ఫ్లెక్సీ గుడ్డ నాసిరకం అనం కదా.

"మరి డబ్బా టీవీలో బాగుండేదిగా?" ఇది అందరూ అడుగుతారు. నిజంగానే బాగుండేది, అది మీ భ్రమ కాదు. ఆ బొమ్మని ఆ టీవీ కోసమే తయారుచేశారు. 21 అంగుళాల గాజు మీద ఫాస్ఫర్ చుక్కల వెలుగు ఒకదాంట్లోకి ఒకటి కాస్త కాస్త కలిసిపోయేది, మచ్చలూ గళ్లూ అందులో మునిగిపోయేవి. ఎల్‌ఈడీ తెర మీద ఏ చుక్క గీత దానిదే, దేన్నీ దాచదు. బొమ్మ ఎంత చెత్తగా వస్తోందో అంత చెత్తనీ విప్పి చూపిస్తుంది. ఒకరకంగా టీవీ బాగున్నకొద్దీ ఎస్‌డీ బొమ్మ, అంటే ఈ పాత తక్కువ చుక్కల బొమ్మ, మరీ ఘోరంగా అనిపిస్తుంది.

మా డెల్టాలో కాలవ సంగతి అందరికీ తెలుసు. పైన ఒక్క లాకు దించేసినా శివారు పొలానికి నీళ్లు రావు, పొలం ఎంత మంచిదైనా సరే. హెచ్‌డీ బొమ్మ కూడా నాలుగు లాకులు దాటి రావాలి.

బాక్సు హెచ్‌డీది అయుండాలి. ఎస్‌డీ బాక్సుకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టినా వచ్చేది ఎస్‌డీ బొమ్మే, కాస్త శుభ్రంగా వస్తుందంతే.

బాక్సుకీ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ వైరు ఉండాలి. మూడు పిన్నుల్లో బొమ్మనంతా మోసేది ఆ పసుపు పిన్ను ఒక్కటే. వెలుతురూ రంగూ కలిపి ఒకే తీగలో తోసే పాత పద్ధతి అది, హెచ్‌డీ దాంట్లో పట్టదు. హెచ్‌డీ బాక్సు కొని, నెలనెలా హెచ్‌డీకి డబ్బు కడుతూ, ఈ వైరుతోనే చూస్తున్న ఇళ్లు ఎన్ని చూశానో లెక్కలేదు.

మూడోది బాక్సు సెట్టింగు. మెనూలో వీడియో అవుట్‌పుట్ అని ఎక్కడో లోపల ఉంటుంది. అది 576 మీద ఉండిపోతే ముందు రెండూ దండగ. 1080ఐ పెట్టండి. మనకి వచ్చే హెచ్‌డీ ఛానళ్లు చాలామటుకు అదే.

నాలుగోది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది. హెచ్‌డీ ఛానల్ నంబరు వేరు. ఈటీవీ, ఈటీవీ హెచ్‌డీ రెండు వేరు వేరు ఛానళ్లు. స్టార్ మా, జీ తెలుగు, జెమినీ కూడా అంతే. ప్యాక్‌లో హెచ్‌డీ తీసుకుని, వేళ్లకి అలవాటైన పాత నంబరే నొక్కేవాళ్లు బోలెడుమంది. అత్తగారు సీరియల్ కోసం నొక్కే నంబరు ఎవరు మారుస్తారు!

వీటిలో ఏదీ వేలల్లో ఖర్చయ్యేది కాదు. మామూలు వైరు రెండు మూడు వందలకి వస్తుంది, మిగతా రెండూ ఊరికే. బాక్సు మార్చాల్సొచ్చినా టీవీ ధర ముందు అదెంత? ఇవి చూసుకోకుండా టీవీని వాపసు ఇచ్చినవాళ్లున్నారు, నష్టానికి అమ్మేసి ఇంకా ఖరీదైనది కొన్నవాళ్లున్నారు. ఆ ఖరీదైనదాంట్లోనూ అదే మసక.

నన్ను చూసి మీరూ నవ్వుకోండి. 2011 ఏప్రిల్ 2, వరల్డ్ కప్ ఫైనల్. అంతకు నెల ముందే 32 అంగుళాల ఎల్‌సీడీ కొన్నాను. వీధి సగం మా ఇంట్లోనే. ధోనీ సిక్సర్ కొట్టినప్పుడు బంతి తెల్లటి మరకలా గాల్లో జారిపోతే, "చూశారా హెచ్‌డీ అంటే ఇదీ" అని కాలరెగరేశాను. మెకానిక్‌ని కదా, నా మాట అందరూ నమ్మారు. ఆ రోజు మా టీవీకి తగిలించి ఉన్నది కేబుల్‌వాడి మామూలు వైరు. నాకు ఆ తేడా తెలిసింది మరో ఏడాదికి, అదీ గుంటూరులో ఒక కస్టమర్ ఇంట్లో అసలు హెచ్‌డీ చూశాక. కాబట్టి తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండా ప్యానెల్ మార్చమనేవాళ్ల మీదే నాకు మంట.

షోరూమ్‌లో చూసిందే ఇంట్లోనూ వస్తుందనుకోవడం

షోరూమ్‌లో తిరిగేది కంపెనీ ఇచ్చిన డెమో వీడియో. తేనెచుక్కలు, చిలకలు, సముద్రం. టీవీని స్టోర్ మోడ్‌లో పెట్టి, వెలుతురు, రంగులు పూర్తిగా పెంచి ఉంచుతారు. ట్యూబ్‌లైట్ల వెలుగులో పక్క టీవీలని మింగేయాలి కదా మరి. ఆ చిలకల్ని చూసి టీవీ ఎంచడం పెళ్లి మేకప్‌లో పిల్లని చూసి రావడం లాంటిది.

కొనడానికి వెళ్లేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. మీ ఫోన్‌లో తీసిన మీ ఇంటివాళ్ల వీడియో, రాత్రిపూట తీసిన ఒక ముక్క, అందులో వేసుకోండి. మీ అమ్మగారి ఒంటిరంగు మీకు తెలుసు, చిలక రంగు మీకేం తెలుసు? పిక్చర్ మోడ్ సినిమాకి మార్చమనండి. నల్ల జుట్టులో పోగులు కనిపిస్తున్నాయా, ముద్దగా ఉందా చూడండి. పక్కకి నాలుగడుగులు వేసి చూడండి, రంగు వెలిసిపోతుంటే మీ హాల్లో మూలకుర్చీలో కూర్చునేవాళ్లకి రోజూ అదే గతి. చివరగా ఒక మామూలు ఎస్‌డీ ఛానల్ పెట్టించండి. అమ్మేవాడు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి. ఊహించి నింపుకోవడంలో ఏ టీవీకి ఎంత తెలివుందో అక్కడే బయటపడుతుంది.

"4కే సపోర్ట్" అంటే 4కే అనుకోవడం

కాదు. 4కే వీడియోని తీసుకుని కుదించి చూపిస్తానని దాని అర్థం. తెర 1366 × 768 అయినా డబ్బా మీద ఆ ముక్క రాస్తారు. హెచ్‌డీ రెడీ అన్న మాటా ఇంతే, దాంట్లో ఫుల్ హెచ్‌డీకి ఉండే 1920 × 1080 చుక్కలు ఉండవు, దాదాపు సగమే. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలు వదిలేసి, చిన్న అక్షరాల్లో రిజల్యూషన్ అంకెలు చదవండి. వెలుగునీడల తేడాని బాగా చూపిస్తుందనే హెచ్‌డీఆర్‌దీ ఇదే కథ. వెలుతురు చాలని చవక టీవీకి హెచ్‌డీఆర్ గుర్తు ఉన్నా బొమ్మలో ఏం ఒరగదు, ఒక్కోసారి ఇంకా చీకటిగా వస్తుంది.

4కే కాకపోతే దండగా?

43 అంగుళాల టీవీని మీరు ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా కంటికి అందదు. మామూలు చూపు ఉన్నవాళ్లకి ఆ సైజులో ఫుల్ హెచ్‌డీ చుక్కలు అయిదున్నర అడుగులు దాటాక కలిసిపోతాయి. ఇప్పుడు 43 అంగుళాల్లో ఎక్కువగా వచ్చేవి 4కేనే కాబట్టి కొనండి, కొనొద్దనను. ఉన్న ఫుల్ హెచ్‌డీ టీవీని మాత్రం దీనికోసం పారేయకండి.

వైరు ఖరీదైతే బొమ్మ బాగా వస్తుందా?

రాదు. హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెలు. చేరితే మొత్తం చేరతాయి, చేరకపోతే తెర మీద మెరుపులు, లేదా నల్లగా. బంగారు పూత పిన్నుతో రంగులు చిక్కబడవు. బాక్సు దూరంగా ఉండి పొడుగు వైరు లాగాల్సొస్తే మాత్రం నాసిరకం కొనకండి.

షార్ప్‌నెస్ పెంచితే క్లారిటీ పెరుగుతుందట!

బొమ్మ అంచులకి సున్నం గీత గీసినట్టు అవుతుంది, అంతే. లేని వివరం పుట్టదు. బాగా తగ్గించండి. వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి. మొదటి రెండు రోజులు పసుపుపచ్చగా, చప్పగా అనిపిస్తుంది, ఓపిక పట్టండి, తర్వాత పాత మోడ్ చూస్తే కళ్లు మీరే మూసుకుంటారు. సినిమాలు సీరియల్ షూటింగులా నున్నగా జారుతున్నట్టు ఉంటే అది మోషన్ సెట్టింగ్ పని. సెకనుకి 24 ఫ్రేముల సినిమాలో మధ్యమధ్య దొంగ ఫ్రేములు కలుపుతుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. ఆపేయండి. ఆట చూసేటప్పుడు కావాలంటే పెట్టుకోండి.

ఓటీటీ వాళ్లకి ఒక మాట. నెట్‌ఫ్లిక్స్‌లో చవక ప్లాన్ కట్టి 4కే రాలేదని టీవీని తిట్టొద్దు, దానికి ప్రీమియం కట్టాలి. నెట్ వేగం 15 ఎంబీపీఎస్ ఉండాలి, అదీ టీవీ దగ్గర, రౌటర్ దగ్గర కాదు.

మాస్టారి ఇంటికి రెండు రోజుల తర్వాత హెచ్‌డీ బాక్సు వచ్చింది. వైరు మార్చి, సెట్టింగు మార్చి, క్రికెట్ హెచ్‌డీ ఛానల్ పెట్టాను. ఆయన కళ్లజోడు తీసేసి స్కోరు చదివారు, మళ్లీ పెట్టుకుని చదివారు. "ఆ గడ్డి పరక కనిపిస్తోందిరా" అన్నారు. అంతా అయిందనుకుని బయల్దేరుతుంటే వార్తల ఛానల్ నొక్కారు. మళ్లీ మసక. నావైపు చూశారు.

"అది ఎస్‌డీ మాస్టారూ. తెలుగు న్యూస్ ఛానళ్లు చాలామటుకు మనకింకా అలాగే వస్తున్నాయి. టీవీ ఏం చేయలేదు."

కాసేపు ఆలోచించి, నేను తీసుకుపోదామని గుమ్మం దగ్గర పెట్టుకున్న పాత డబ్బా టీవీ చూపించారు. దాన్ని వెనక వసారాలో పెట్టి, ఆ పాత బాక్సు, ఆ మూడు పిన్నుల వైరు దానికి తగిలించమన్నారు. ఇప్పుడు వార్తలు అక్కడే చూస్తున్నారు.