చివరి కుళాయిలో క్లోరిన్ ఉందా?

వానలు పడి ఊళ్లో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు పట్టుకోగానే పంచాయతీవాళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. ఎంత కలిపారంటే "రెండు డబ్బాలు" అంటారు. ఆ రెండు డబ్బాల్లో క్లోరిన్ ఎంతుందో డబ్బాను చూసి చెప్పలేం.

తాజా పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ సుమారు 33 శాతం. 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే 364 గ్రాముల పౌడర్. బస్తా మూతి విప్పి తేమలోనో ఎండలోనో వదిలేస్తే ఆ శాతం పడిపోతూ ఉంటుంది. 15 శాతానికి దిగితే అదే పనికి 800 గ్రాములు పడుతుంది. ఇక నీళ్లలో బురద, కుళ్లిన ఆకులు, అమ్మోనియా ఉంటే క్రిముల దాకా పోకముందే క్లోరిన్‌ను అవే తినేస్తాయి.

పౌడర్‌లో బలం ఎంత, నీళ్లు తినేసేది ఎంత అనే ఈ రెండు లెక్కలూ ఒకేసారి తేల్చే పాత పరికరం హారక్స్ పెట్టె. నా దృష్టిలో ప్రతి పంచాయతీలోనూ ఉండాల్సిన వస్తువు. అందులో ఒక నల్ల కప్పు, ఆరు తెల్ల కప్పులు, 2 గ్రాములు పట్టే చెంచా ఉంటాయి. మన దగ్గరున్న పౌడరే ఒక చెంచా నల్ల కప్పులో వేసి, ముద్దలా కలిపి, గీత దాకా నీళ్లు పోసి తేరనివ్వాలి. తెల్ల కప్పుల్లో మన ట్యాంకు నీళ్లే నింపాలి. తేరిన ద్రావణం మొదటి కప్పులో ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, అలా ఆరు దాకా వేసి కలిపి అరగంట ఆగాలి. ఆ తర్వాత ఒక్కో కప్పులో క్లోరిన్ ఉంటే నీలమయ్యే స్టార్చ్-అయొడైడ్ ద్రావణం మూడు చుక్కలు వేస్తే కొన్ని నీలం తిరుగుతాయి. మొదట స్పష్టంగా నీలమైంది రెండో కప్పు అనుకుందాం. అంటే 455 లీటర్లకు రెండు చెంచాలు, 4 గ్రాములు. మన 60,000 లీటర్లకు దాదాపు 527 గ్రాములు.

పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దచేసి, ముప్పావు వంతు దాకా నీళ్లు పోసి, పది పదిహేను నిమిషాలు తేరనిచ్చి పైనీళ్లే పోయాలి. అడుగున మిగిలే సున్నం ట్యాంకులోకి పోతే నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు తప్పనిసరి.

నీళ్లు ఎర్రగా ఉంటే ముందు పటిక వేసి తేర్చాలి, ఎందుకంటే మట్టి రేణువుల చాటున క్రిములు బతికిపోతాయి. నీళ్ల క్షారగుణం పెరిగి పీహెచ్ 8 దాటినా క్లోరిన్ బాగా మందగిస్తుంది.

కలిపిన అరగంటకు పరీక్ష. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5. క్లోరిన్‌ను చూపే ఓటీ (ఆర్థోటాలిడిన్) ద్రావణంతో చూస్తే పసుపు రంగును వెంటనే చదవాలి. ఆలస్యమైతే అమ్మోనియాతో కలిసిపోయిన బలహీన క్లోరిన్ కూడా రంగు చూపి లేని ధైర్యం ఇస్తుంది. డీపీడీ అనే మరో పరీక్ష మాత్ర గులాబీ రంగుతో స్వేచ్ఛా క్లోరిన్‌నే, అంటే దేనితోనూ కలవకుండా మిగిలినదాన్నే చూపుతుంది, ఓటీ రసాయనంలా విషపూరితం కూడా కాదు. డీపీడీతోనూ ఒక మోసం ఉంది: క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగే వెలిసిపోయి సున్నా అనిపిస్తుంది. అది చూసి మరింత బ్లీచింగ్ పోసేస్తారు. అనుమానమొస్తే నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో పదింతలు పలచన చేసి మళ్లీ చూడాలి.

ట్యాంకు దగ్గర 0.8, చివరి వీధి కుళాయిలో సున్నా వస్తే ముందు పైపులైనును అనుమానించాలి. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పోయి, మురుగు కాల్వలో మునిగిన పగులు గుండా మురికి లోపలికి చేరుతుంది. అలాంటప్పుడు ట్యాంకులో డోసు పెంచడం సరిపోదు. చివరి కుళాయి నుంచి ట్యాంకు వైపు ఒక్కో కుళాయి దగ్గరా పరీక్షిస్తూ వెనక్కి రావాలి. సున్నా చూపే కుళాయికీ, క్లోరిన్ చూపే పక్క కుళాయికీ మధ్య ముక్కనే ముందు తవ్వాలి. అతుకు వేశాక నీళ్లు వదిలి లైను కడిగి, ఆ కుళాయిలో 0.5 కనిపించేదాకా వీధివాళ్లను కాచి చల్లార్చిన నీళ్లే తాగమనాలి.