నెట్ స్లో అంటే, ఎక్కడ స్లో? - అపోహలు, వాస్తవాలు

ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ వేయడం నా పని. ఫోన్ ఎత్తగానే ఎక్కువగా వినపడే మాట "నెట్ స్లోగా ఉంది". ఎక్కడ స్లో అని అడిగితే జవాబు ఉండదు. ఫోన్ నుంచి రూటర్‌కి, అక్కడి నుంచి ఫైబర్ డబ్బాకి, వీధిలోకి, ఆపైన సర్వర్ దాకా దారి ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తేడా ఏ ముక్కలో ఉందో చూడకుండా పెద్ద ప్లాన్ తీసుకుంటే డబ్బులు పోతాయి, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: వైఫై గీతలు నిండుగా ఉంటే నెట్ ఉన్నట్టే.
ఆ గీతలు ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య సిగ్నల్ ఎంత ఉందో చెబుతాయి, అంతే. వీధిలో ఫైబర్ తెగినా అవి నిండుగానే కనిపిస్తాయి. ముందు ఫైబర్ డబ్బా మీద లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి సిగ్నల్ రావడం లేదని అర్థం. అప్పుడు రూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కంప్లయింట్ ఇవ్వాల్సిందే.

అపోహ: వైరు ఏదైనా ఒకటే, తగిలిస్తే చాలు.
విజయవాడలో ఒక ఇంట్లో 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. "బాబూ, డబ్బులు 200కి కడుతున్నాం, 94 దాటట్లేదేంటి?" అన్నారు ఆ ఇంటి పెద్దాయన. ఆ 94 అంకె వినగానే నాకు సగం తెలిసిపోయింది. డబ్బాకీ రూటర్‌కీ మధ్య వేసే ఈథర్‌నెట్ కేబుల్‌లో 8 తీగలు, 4 జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి 2 జతలు చాలు, గిగాబిట్ వేగానికి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, మాత్రం నాలుగూ కావాలి. ఒక్క తీగ ఆడకపోయినా చాలాసార్లు లింకు 100కి పడిపోతుంది. డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది, అందులో ప్రతి ప్యాకెట్‌కీ అంటుకుని వచ్చే అడ్రసుల లెక్కలు పోగా, స్పీడ్ టెస్ట్‌లో కనిపించేది 94 చిల్లర.

డబ్బా నుంచి రూటర్‌కి వెళ్లే వైరు కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి చూశాను. బ్రౌన్ తీగ చివరిదాకా వెళ్లలేదు, మిల్లీమీటరు వెనకే ఆగిపోయింది. కత్తిరించి, తీగలు వరసగా పేర్చి, కొత్త కనెక్టర్ వేసి, టూల్‌తో నొక్కి బిగించాను (క్రింప్ చేశాను). స్పీడ్ 200కి వచ్చింది. "అంకుల్, ప్లాన్ బాగానే ఉంది, వైరుదే తప్పు" అంటే ఆయన మొహం తేలికపడింది. అప్పటికే 300 ప్లాన్‌కి మారాలని అనుకుంటున్నారట.

అపోహ: 100 ఎంబీపీఎస్ అంటే 100 ఎంబీ సినిమా ఒక సెకనులో దిగాలి.
ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, ఫైల్ సైజు మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైట్. అంటే సెకనుకి మహా అయితే 12.5 ఎంబీ.

అపోహ: స్పీడ్ పెంచితే వీడియో కాల్ ఆగదు.
కాల్‌కి పెద్ద స్పీడ్ అక్కర్లేదు, ప్యాకెట్లు ఆలస్యం లేకుండా, వరసగా రావాలి. ఇంట్లో ఎవరో ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే రూటర్‌లో క్యూ పెరిగిపోతుంది, మీ మాట ఆ క్యూలో చిక్కుకుంటుంది. 10 మిల్లీసెకన్లున్న పింగ్, అంటే సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చుకునే సమయం, 300 దాటడం చాలాసార్లు చూశాను. కాల్ మాట్లాడేటప్పుడు ఆ అప్‌లోడ్ ఆపి చూడండి.

కొంత ఆలస్యాన్ని ఎవరూ తీసేయలేరు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. కేబుల్ తిన్నగా వేసినా పోనూ రానూ 140 మిల్లీసెకన్లు పడుతుంది, అసలు దారి ఇంకా చుట్టు తిరుగుడు.

అపోహ: విదేశాల నెట్ శాటిలైట్ నుంచి వస్తుంది.
ఖండాల మధ్య డేటాలో చాలా భాగం సముద్రం అడుగున వేసిన కేబుళ్లలోనే నడుస్తుంది. మన దేశానికి అవి ముంబై, చెన్నై లాంటి చోట్ల ఒడ్డుకొస్తాయి. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచి ఉండే శాటిలైట్ ద్వారా అయితే అడిగి జవాబు తెచ్చుకోవడానికే అర సెకను పడుతుంది. అమెరికాలో ఉన్న అమ్మాయితో మాట్లాడేటప్పుడు మీ మాట వెళ్తున్నది చాలామటుకు సముద్రం కిందనుంచే.