తెలుగు గజిబిజిగా కనిపిస్తే డేటా పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"సార్, డేటాబేస్ మొత్తం పాడైపోయింది." వెబ్ అప్లికేషన్ల సపోర్టులో నాకు తరచుగా వచ్చే ఫోన్ ఇదే. తీరా చూస్తే చాలాసార్లు డేటాబేస్ నిక్షేపంగా ఉంటుంది. తప్పు రెస్పాన్స్ హెడర్‌లో, అంటే పేజీతో పాటు సర్వర్ బ్రౌజర్‌కి పంపే వివరాల్లో ఉంటుంది.

అపోహ: పేజీలో తెలుగు పిచ్చి గుర్తులుగా వస్తే డేటాను యూటీఎఫ్-8కి కన్వర్ట్ చేయాలి.

వాస్తవం: ముందు చెయ్యి ఆపండి. యూటీఎఫ్-8 అంటే అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి (ఎన్‌కోడింగ్). అందులో తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు లాంటి ఒక్కో ముక్క) ఒక్కోటి మూడు బైట్లు. హెక్స్‌లో (16 అంకెల లెక్కలో) మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. వాటిని బ్రౌజర్ ఐఎస్ఓ-8859-1 (లాటిన్-1 అని కూడా అంటారు, తెలుగు పట్టని పాత ఎన్‌కోడింగ్) అనుకుని చదివితే నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లిష్ చిన్న 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా వస్తాయి. హెడర్‌లో క్యారసెట్ (ఏ ఎన్‌కోడింగో చెప్పే మాట) తప్పుగా ఉండి పేజీ ఇలా కనిపిస్తే బైట్లు ఎక్కడికీ పోలేదు, చదివే తీరే తప్పు. హెడర్ సరిగ్గానే ఉన్నా ఇలా వస్తే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో బైట్లను చూపించే హెక్స్ ఫంక్షన్‌తో ఒక పేరు తీసి చూడండి. ఈ0తో మొదలైతే డేటా బాగున్నట్టే. సీ3 ఏ0 అని మొదలైతే ఎవరో రెండోసారి ఎన్‌కోడ్ చేశారు.

ఒక విద్యాసంస్థలో సరిగ్గా ఇదే జరిగింది. సర్వర్ మారాక విద్యార్థుల పేర్లన్నీ గజిబిజి. అసలు కారణం పీహెచ్‌పీ సెట్టింగుల ఫైల్లో డిఫాల్ట్ క్యారసెట్ ఐఎస్ఓ-8859-1 అని ఉండటం. అక్కడి కుర్రాడు ఎవరో చెప్పిన మాట పట్టుకుని పేర్లన్నిటి మీదా యూటీఎఫ్8_ఎన్‌కోడ్ నడిపాడు. పేరు చూసి అందరూ మోసపోయే ఫంక్షన్ అది. వచ్చిన బైట్లు లాటిన్-1 అనే అనుకుని ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా మారుస్తుంది. పీహెచ్‌పీ 8.2 నుంచి దాన్ని వాడొద్దనే అంటున్నారు.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినప్పుడు ఆ అబ్బాయి గొంతు వణుకుతోంది. తిట్టాలనిపించలేదు. నెట్‌లో దొరికే సలహాల్లో సగం ఇలాగే ఉంటాయి, టెన్షన్‌లో ఉన్నవాడికి ఏది తప్పో ఎలా తెలుస్తుంది? చాలా పేర్లను వెనక్కి మార్చగలిగాం. కానీ 'వెంకటసుబ్రహ్మణ్యం' దగ్గర ఆగిపోయాం. ఆ పేరులో 17 కోడ్‌పాయింట్లు, అంటే 51 బైట్లు. ఎన్‌కోడ్ అయ్యాక 51 అక్షరాలు. కాలమ్ వార్‌క్యార్ 50, అంటే 50 అక్షరాలే పడతాయి. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను తిప్పికొట్టే సెట్టింగ్) ఆపేసిన సర్వర్ కాబట్టి వార్నింగ్ ఇచ్చి చివరిది కోసేసింది. వెనక్కి మార్చితే చివరి సున్నా లేదు. అంతకన్నా పొడుగు పేర్లకు ఇంకా ఎక్కువే పోయింది. అలాంటివన్నీ కాగితం అప్లికేషన్లు ముందేసుకుని చేత్తో కొట్టాల్సి వచ్చింది. మార్చాల్సింది మాత్రం ఆ సెట్టింగ్‌లో ఒక్క లైను.

అపోహ: హెచ్‌టీఎంఎల్‌లో మెటా క్యారసెట్ పెడితే చాలు.

చాలదు. హెడర్‌లో క్యారసెట్ ఉంటే బ్రౌజర్ దాని మాటే వింటుంది. అపాచీ వెబ్ సర్వర్‌లో యాడ్‌డిఫాల్ట్‌క్యారసెట్ ఆన్ చేసి ఉంటే, మీరు పంపకపోయినా ఐఎస్ఓ-8859-1 అని అదే తగిలిస్తుంది.

అపోహ: ప్రశ్నార్థకాలు, డబ్బాలు, గజిబిజి అన్నీ ఒకే జబ్బు.

కావు. డబ్బాలు వస్తే ఫాంట్ చూడండి. ప్రశ్నార్థకాలు వస్తే భయపడాలి, ఎక్కడో తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లోకి మార్చేశారు, అక్షరం బదులు నిజంగానే ప్రశ్నార్థకం కూర్చుంది. జావా సర్వ్‌లెట్లలో (సర్వర్ మీద నడిచే జావా ప్రోగ్రాముల్లో) తరచూ చూస్తాను: రెస్పాన్స్ రాయడానికి గెట్‌రైటర్ పిలిచాక, ఎన్‌కోడింగ్ చెప్పే సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ పెడతారు. అప్పటికే ఆలస్యం, ఆ లైను పనిచేయదు. దాన్ని పైకి జరపండి. అది రెస్పాన్స్‌లోనే పోయిందా, డేటాబేస్‌లోనే ప్రశ్నార్థకాలు నిండాయా అన్నది కూడా హెక్స్ ఫంక్షనే చెబుతుంది: వరసగా 3ఎఫ్ (ప్రశ్నార్థకం బైటు) కనిపిస్తే ఇక బ్యాకప్పే దిక్కు.

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4కి మార్చితే తెలుగు బాగవుతుందనేది ఉత్త పుకారు. మూడు బైట్ల తెలుగు పాత యూటీఎఫ్8లోనూ పడుతుంది, నాలుగు బైట్ల ఎమోజీకే అది కావాలి. మార్చుకోవడం మంచిదే, ఈ జబ్బుకి మందు మాత్రం అది కాదు. ఇక సీఎస్‌వీ ఎక్సెల్‌లో గజిబిజిగా తెరుచుకుంటే ఫైలు మొదట్లో బామ్ (ఇది యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు) మూడు బైట్లు చేర్చండి, సరిపోతుంది.