తిరిగే మ్యూజియం ఎగ్జిబిషన్లు: జనం అనుకునేది ఒకటి, లారీ ఎక్కేది ఇంకోటి

మేం చేసే పని ఏంటంటే, ఒక ఊళ్ళో మ్యూజియంలోనో సైన్స్ సెంటర్లోనో రెండు మూడు నెలలు నడిచి, తర్వాత మొత్తం విప్పేసి ఇంకో ఊళ్ళో మళ్ళీ నిలబెట్టే ఎగ్జిబిషన్లు డిజైన్ చేసి కట్టడం. ఉండేది హైదరాబాద్, వర్క్‌షాప్ జీడిమెట్ల వైపు. ఈ మధ్య ఏ మీటింగ్‌కి పోయినా "ఇమ్మర్సివ్‌గా ఉండాలండీ" అంటున్నారు, అంటే చూసేవాడు అందులో మునిగిపోవాలని, ఆ మాటతో పాటు కొన్ని నమ్మకాలు కూడా పట్టుకొస్తున్నారు, ఒక్కొక్కరికి విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే అన్నీ ఒకేచోట రాసి పడేస్తున్నా. మొదటి ఊళ్ళో ఓపెనింగ్ రోజు ఎవరి షో అయినా కిరాక్‌గానే ఉంటుంది. మా లెక్క మాత్రం నాలుగో ఊళ్ళో అది ఎలా నిలబడింది అన్నది.

అపోహ: ఇమ్మర్సివ్ అంటే నాలుగు గోడల మీదా ప్రొజెక్టర్లు వేయడమే

2018లో పారిస్‌లో ఒక పాత ఫౌండ్రీలో అటెలియె దె ల్యుమియేర్ అనే ప్రొజెక్షన్ షోల హాల్ తెరిచాక, పెయింటర్ వాన్ గో బొమ్మలు గోడలమీదా నేలమీదా పారే షోలు ప్రపంచమంతా తిరిగాక, అందరికీ అదే ఫిక్స్ అయిపోయింది. అది బాగుంటుంది, కాదనను. కానీ 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైన డైలాగ్ ఇన్ ది డార్క్ అనే షో గుర్తుందా, మన ఇనార్బిట్ మాల్‌లో కూడా పెట్టారు, చాలామంది పోయే ఉంటారు. కారు చీకటి, చూపు లేనివాళ్ళే గైడ్లు, వాళ్ళ గొంతు వింటూ మనం నడవాలి. ఒక్క స్క్రీన్ లేదు, ఒక్క ప్రొజెక్టర్ లేదు, అయినా బయటికొచ్చినోళ్ళు దాని గురించే మాట్లాడతారు. అంతదాకా ఎందుకు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం దగ్గర చూడండి, బుల్లి బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొడుతుంది అంతే, దానికోసం జనం ముందే వచ్చి ఎదురుచూస్తూ కూర్చుంటారు, కొట్టేటప్పుడు ఫోన్లు పైకెత్తుతారు గానీ నోరు మాత్రం ఎత్తరు. చూసేవాడు అందులో పడిపోయాడా లేదా అన్నదే పాయింటు, టెక్నాలజీ తర్వాత.

సరే, ప్రొజెక్టర్లే కావాలి అనుకుందాం. పది మీటర్ల వెడల్పు గోడ, లెన్స్ త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరం కావాలో చెప్పే లెక్క) 1.2 అయితే ప్రొజెక్టర్‌ని గోడకి 12 మీటర్ల దూరంలో పెట్టాలి, అప్పుడు మధ్యలో నడిచే ప్రతి మనిషి నీడా ఆ బొమ్మ మీద పడుతుంది. 0.4 షార్ట్ త్రో లెన్స్ పెడితే 4 మీటర్లలో అయిపోతుంది గానీ ఆ లెన్స్ ధర వినగానే క్లయింట్ టీ కప్పు కింద పెట్టేస్తాడు. రెండు ప్రొజెక్టర్ల బొమ్మలు అతుకు కనపడకుండా కలవాలంటే అంచులు పది నుంచి ఇరవై శాతం దాకా ఒకదాని మీద ఒకటి పడాలి, అంటే అంతమేర పిక్సెల్స్ పోయినట్టే. ఇంక వీటిని దేనికి వేలాడదీస్తాం? మనకి దొరికే హాళ్ళలో సగం ఫంక్షన్ హాళ్ళలాంటివే, పైన ఫాల్స్ సీలింగ్, దానికో షాండ్లియర్, బరువు మోసే పాయింటు ఒక్కటీ ఉండదు, కాబట్టి నేల మీంచి ట్రస్ (కాళ్ళున్న లోహపు ఫ్రేమ్) లేపాలి, ట్రస్ కాళ్ళు ఎక్కడొస్తాయో డిజైన్‌లో ముందే ఉండాలి. ఊరు మారితే హాల్ కొలతలు మారతాయి, కంటెంట్‌ని కొత్త గోడలకి సరిపోయేట్టు మళ్ళీ మ్యాప్ చేయాలి. ఒకసారి రెండర్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే అయిపోయే పని కాదిది.

అపోహ: మన దగ్గర సినిమా సెట్ వాళ్ళున్నారు కదా, వారంలో లేపేస్తారు

ఇది అచ్చంగా హైదరాబాద్ అపోహ, ఇంకే ఊళ్ళో వినలేదు. నిజంగానే మన సెట్ వర్క్ వాళ్ళ చేయి మామూలుది కాదు, ప్లైవుడ్ మీద వెయ్యేళ్ళ రాతిగోడ తెస్తారు, కొత్త ఇనుముకి తుప్పు పట్టిస్తారు, ఆ పెయింటింగ్ పని ఇంకెవరివల్లా కాదు. కానీ సెట్‌ని చూసేది కెమెరా, అదీ ఒక వైపు నుంచే. షెడ్యూల్ అయిపోగానే పగలగొట్టేస్తారు. అందుకే మేకులు కొడతారు, జాయింట్లకి పీఓపీ పూస్తారు, వెనకాల కర్రలు ఎలా పడితే అలా ఆనిస్తారు, వాళ్ళ పనికి అది కరెక్టే.

మా గోడని పిల్లలు నాలుగు వైపుల నుంచి చూస్తారు, తడతారు, ఆనుకుంటారు, ఎక్కుతారు. తర్వాత అదే గోడ విడిపోయి, లారీలో నాగపూర్ దాకా ఊగుతూ పోయి, మళ్ళీ గీత కనపడకుండా కలవాలి. పీఓపీ జాయింట్ మొదటి ఘాట్ రోడ్‌కే పగులుతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) అంచులో దిగిన స్క్రూ మొదటిసారి గట్టిగా పడుతుంది, రెండు మూడుసార్లు విప్పి బిగించాక ఆ రంధ్రం పొడి పొడి అయిపోతుంది, స్క్రూ ఊరికే తిరుగుతుంటుంది. అందుకే మేం చెక్కలో లోపల మర ఉన్న ఇనుప గొట్టాలు ముందే దింపేసి, వాటిలోకి బోల్ట్ వేస్తాం, ఎన్నిసార్లు విప్పినా పాడవదు. జాయింట్‌ని దాచాలని చూడం, స్తంభం అంచునో రాళ్ళ వరసలోనో అది అక్కడే ఉండాల్సిన గీతలా కనపడేట్టు డిజైన్ చేస్తాం. అస్థిపంజరం బాలానగర్ ఫ్యాబ్రికేటర్ చేత, చర్మం సెట్ ఆర్టిస్టుల చేత, ఇది మా ఫార్ములా. వాళ్ళిద్దరినీ ఒక డ్రాయింగ్ మీద కూర్చోబెట్టడం వేరే లొల్లి అనుకోండి, ఒకరు మిల్లీమీటర్లలో మాట్లాడతారు, ఇంకొకరు "అట్ల పెట్టన్నా, చూస్కుందాం" అంటారు.

ప్రతి పలక వెనకా నంబర్ ఉండాలి, స్టిక్కర్ కాదు, రేకు ముక్క మీద గుద్దిన నంబర్. స్టిక్కర్ రెండో ఊళ్ళోనే ఊడిపోతుంది, ఆ తర్వాత రాత్రి రెండింటికి హాల్లో ఏ ముక్క ఎక్కడిదో తెలీక అందరూ ఆగమాగం.

అపోహ: లారీ మాట్లాడి పంపడమే కదా

8×4 అడుగుల ప్లై పలక ఎత్తు 2440 మిల్లీమీటర్లు. 40 అడుగుల హైక్యూబ్ (మామూలుదానికన్నా ఎత్తుండే) కంటైనర్ తలుపు ఎత్తు దాదాపు 2580. భేషుగ్గా పడుతుంది అనిపిస్తుంది. దానికి క్రేట్ (సామాను పెట్టి పంపే పెట్టె) చెక్క, కింద ఫోర్క్‌లిఫ్ట్ దూరడానికి దిమ్మలు, లోపల ఫోమ్ కలుపుకోండి, 2640 దాటింది, నిలబెట్టి ఎక్కదు. పడుకోబెడితే వేరే సామాను చోటు తింటుంది. కాబట్టి తలుపు కొలతల నుంచి వెనక్కి వచ్చి గోడ ఎత్తు డిసైడ్ చేస్తాం, గోడ గీసి తర్వాత లారీ వెతకం. మ్యూజియం సర్వీస్ లిఫ్ట్, మెట్ల మలుపు, హాల్ తలుపు, ఈ మూడూ టేప్ పెట్టి కొలవాలి, ఫోన్లో చెప్పిన కొలతలు నమ్మొద్దు.

విదేశాలకి పోయే చెక్క క్రేట్ అయితే ఐఎస్‌పీఎమ్ 15 అని ఒక రూల్ ఉంది, దుంగ నుంచి కోసిన చెక్కని మామూలుగా లోపలి నడిమధ్య దాకా 56 డిగ్రీలకి వేడి చేసి 30 నిమిషాలు ఉంచి, ముద్ర కొట్టాలి, పురుగులు దేశం దాటకుండా. ముద్ర లేకపోతే అవతలి పోర్ట్‌లో ఆపేస్తారు, లోపల ఎంత గొప్ప వస్తువున్నా సరే. కస్టమ్స్‌కి ఏటీఏ కార్నే అనే పత్రం తీసుకుంటే డ్యూటీ కట్టకుండా తాత్కాలికంగా తీసుకుపోయి తెచ్చుకోవచ్చు, మన దేశంలో అది ఇచ్చేది వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ. కాకపోతే లిస్టులో ఏది రాస్తే అదే తిరిగి రావాలి, ఒక లైట్ అక్కడ పాడై పారేసినా తర్వాత లెక్క చెప్పాల్సిందే.

క్రేట్ వచ్చింది కదా అని వెంటనే మూత తీయకూడదు, ఇది చాలామందికి తెలీదు. మే నెలలో మన ఎండలో కాలిన లారీలోంచి దిగిన వస్తువుని చల్లటి హాల్లో టక్కున తెరిస్తే చెక్కా పెయింటూ తేడాగా కదులుతాయి. మామూలుగా 24 గంటలు హాల్లోనే మూత పెట్టి ఉంచాలి. హోస్ట్ వాళ్ళేమో "ఒక రోజు ఊరికే పోయిందండీ" అంటారు. పోలేదు, ఆ రోజు కూడా షెడ్యూల్‌లో ఉంది, మీరు చదవలేదంతే.

ఇంకోటి, ఖాళీ క్రేట్లు. షో నడిచినన్నాళ్ళూ అవి ఎక్కడుంటాయి? సామాను బయటికి తీశాక క్రేట్ చిన్నదైపోదు కదా, దానికీ కప్పున్న, తడవని, చెద పట్టని చోటు కావాలి. వర్షాకాలంలో బయట టార్పాలిన్ కింద పెట్టిన క్రేట్‌లో ఫోమ్ తేమ పీల్చుకుంటుంది, తర్వాత అదే ఫోమ్‌లో పట్టుచీర పెడతారు.

అపోహ: ఏసీ వేస్తే వస్తువులు సేఫ్

పొద్దున పదింటికి ఏసీ వేసి సాయంత్రం ఆరింటికి ఆపేస్తే, వేయకపోవడం కన్నా అదే ఎక్కువ నష్టం కావొచ్చు, ఎందుకంటే రోజూ తేమ పైకీ కిందికీ ఊగుతుంది. చెక్క, దంతం, తాటాకు, వీటిని చంపేది ఆ ఊపే. అందుకే షోకేస్ లోపల తేమని అదుపులో పెట్టే సిలికా జెల్ లాంటివి పెట్టి చిన్న వాతావరణం వేరుగా కాపాడతాం. లైట్ అయితే బట్టలకీ కాగితానికీ 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర ఆపుతాం, అది మసకగా ఉంటుంది, ఫొటో బాగా రాదని కంప్లైంట్ చేస్తారు, చేయనీయండి. వెలిసిన రంగు మళ్ళీ రాదు, ఊరు మారినా పాత ఊళ్ళ వెలుతురంతా ఆ బట్ట ఖాతాలోనే ఉంటుంది. పక్కనే ప్రొజెక్షన్ గది పెట్టి దాని వెలుగు కేస్ మీద పడుతుంటే ఆ లెక్క మొత్తం గోవిందా.

అపోహ: రెప్లికా (అచ్చం అలాగే చేసిన నకలు) అంటే మోసం

1972లో బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన అసలు వస్తువులు చూడటానికి 16 లక్షల మందికి పైగా వచ్చారు. ఇప్పుడా రాజు బంగారు ముసుగు ఈజిప్టు దాటదు. 2008లో జ్యూరిక్‌లో మొదలై చాలా దేశాలు తిరిగిన ఇంకో షో మొత్తం రెప్లికాలే, కానీ 1922లో ఆ సమాధిని కనిపెట్టిన కార్టర్ గది తెరిచినప్పుడు సామాను ఎలా గుట్టగా పడి ఉందో అలాగే పేర్చి చూపించారు, అసలు వస్తువులతో అలా చేయనిస్తారా ఎవరైనా? బోర్డు మీద రెప్లికా అని స్పష్టంగా రాయకపోతేనే మోసం. మన పురాతన వస్తువులకైతే 1972 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వమో అది అనుమతిచ్చిన సంస్థో తప్ప ఇంకెవరూ దేశం బయటికి పంపలేరు. తమాషా ఏంటంటే, రెప్లికా మరీ బాగా కుదిరితే "ఇది పురాతనం కాదు" అని ఆర్కియాలజీ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సి వస్తుంది. మా మౌల్డింగ్ అతనికి అంతకన్నా పెద్ద అవార్డు లేదు.

అపోహ: బోర్డుల మీద తెలుగు చివర్లో వేసుకోవచ్చు

ఇది వింటే నాకు బీపీ. ఇంగ్లీషులో లేఅవుట్ అంతా అయిపోయాక "ఇక్కడ తెలుగు, ఇక్కడ ఉర్దూ" అని రెండు ఖాళీ డబ్బాలు చూపిస్తారు. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు, లైన్ల మధ్య దూరం ఎక్కువ కావాలి, ఇంగ్లీషు కొలతలో కూరితే పైలైన్ ఒత్తు కిందలైన్ గుడిని గుద్దుకుంటుంది. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపి వాలుగా దిగుతుంది, దానికి ఇంకా ఎత్తు కావాలి, పైగా కుడి నుంచి ఎడమకి, బాణం గుర్తులు కూడా తిప్పాలి. రచయిత యూనికోడ్‌లో పంపుతాడు, డీటీపీ అతను యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్‌లోకి మారుస్తాడు, అక్కడ కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తు కిందకి పోకుండా పక్కన విడిగా నిలబడుతుంది, చెన్నైలోనో ఢిల్లీలోనో కూర్చున్న డిజైనర్‌కి అది తప్పని కూడా తెలీదు, ఎనిమిదడుగుల గోడ మీద ప్రింటై వస్తుంది. కాబట్టి చివరి ప్రూఫ్ తెలుగు వచ్చినవాళ్ళు చూడాల్సిందే, అదీ పీడీఎఫ్ కాదు, అసలు సైజులో ఒక ముక్క ప్రింట్ తీసి గోడకి అంటించి, రెండు మీటర్ల దూరం నుంచి. తిరిగే షో కాబట్టి బొమ్మ వేరు, టెక్స్ట్ పలక వేరు, ఊరు మారితే పలక మాత్రమే మారేట్టు చేస్తాం.

అపోహ: వీఆర్ (కళ్ళకి తగిలించుకుని చూసే హెడ్‌సెట్) పెడితే క్యూ కడతారు

కడతారు, కదలరు. పది హెడ్‌సెట్లు, ఎనిమిది నిమిషాల సినిమా, పెట్టుకోవడం తుడవడం సర్దడం ఇంకో నాలుగు నిమిషాలు, అంటే గంటకి 50 మంది. ఆదివారం గంటకి 250 మంది వస్తుంటే ఐదుగురిలో నలుగురు ఉత్త చేతులతో పోతారు, టికెట్ డబ్బులకి కౌంటర్ దగ్గర గొడవ. చేత్తో తిప్పే చక్రం, లాగే తాడు, ఇవి ఇంకా నడుస్తూనే ఉంటాయి. మన సైన్స్ మ్యూజియంల మొబైల్ బస్సులు 1965 నుంచి ఊళ్ళు తిరుగుతున్నాయి, వాటి బలం అదే.

అపోహ: ఫైర్ పర్మిషన్ ఒక ఫార్మాలిటీ

2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో వందకు పైగా స్టాళ్ళు కాలిపోయాయి, ప్రాణాలు పోలేదు, అది అదృష్టం. మా షోలో చీకటి కావాలి కాబట్టి నల్లబట్ట కిలోమీటర్ల లెక్కన వాడతాం, ఆ బట్టకి మంట అంటుకోని మందు కొట్టించాలి, చాలా రకాల మందులు ఒకసారి ఉతికితే పోతాయి, మళ్ళీ కొట్టించి, ఒక చిన్న ముక్క మీ కళ్ళముందు కాల్చి చూపించమనండి. ఎగ్జిట్ బోర్డు వెలుగు మూడ్ చెడగొడుతోందని దాన్ని కప్పమన్న డైరెక్టర్లున్నారు. కప్పం.

అపోహ: చివరి రోజు షట్టర్ దించితే అయిపోయినట్టే

కట్టడానికి వచ్చిన టీమ్‌నే విప్పడానికి కూడా పిలవాలి. లోకల్ లేబర్‌తో లాగించేస్తే రాత్రికి రాత్రి ఖాళీ అవుతుంది గానీ, బోల్ట్‌లన్నీ ఒకే బస్తాలో పోతాయి, విరిగింది విరిగినట్టే ప్యాక్ అయిపోతుంది, అది బయటపడేది తర్వాతి ఊళ్ళో ఓపెనింగ్‌కి రెండు రోజుల ముందు. వచ్చిన రోజు వస్తువు ఏ స్థితిలో ఉందో రాసిన కండిషన్ రిపోర్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో వస్తువూ మళ్ళీ చూసి, ఫొటో తీసి, రెండు వైపులా సంతకాలు అయ్యాకే మూత పడాలి, లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు గీత ఏ ఊళ్ళో పడిందో తేల్చమని ఇద్దరినీ తిప్పుతారు. మీరెవరైనా ఇలాంటి షో పెట్టించుకోబోతుంటే కొటేషన్‌లో మూడు లైన్లు వెతకండి: విప్పే ఖర్చు, ఊరికీ ఊరికీ మధ్య రిపేర్లు, ఖాళీ క్రేట్ల గోడౌన్ అద్దె. ఆ మూడూ లేకుండా రేటు తక్కువగా కనపడితే ఆ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే అడిగి రాయించుకోండి, కొటేషన్ మాదైనా సరే.