'కొంచెం తాగితే మంచిదే' అన్న లెక్క ఎక్కడ తప్పింది?

మితంగా తాగితే మేలా, కీడా అన్న వాదన మళ్లీ రాజుకుంది. మితంగా తాగేవారిలో మరణాలు అసలు తాగనివారి కంటే తక్కువని 2024 డిసెంబరులో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక చెప్పింది. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని కూడా అందులోనే ఉంది. కొద్ది వారాలకే అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యుడు) వివేక్ మూర్తి మద్యంతో కనీసం 7 రకాల క్యాన్సర్లు వస్తాయని, ఆ మాట సీసాల మీద రాయాలని అన్నారు.

రెడ్ వైన్ గుండెకు మంచిదన్న ప్రచారం అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1988లో వచ్చింది. బ్రిటన్‌లో జెరాల్డ్ షేపర్ బృందం 40-59 ఏళ్ల 7,735 మంది మగవాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించింది. తాగనివారిలో మరణాలు ఎక్కువన్న లెక్క వాళ్లకూ వచ్చింది. అయితే ఈ 'తాగనివాళ్లు' ఎవరని వాళ్లు ఆరా తీశారు. చాలామంది ఒకప్పుడు తాగినవాళ్లే. జబ్బుపడి మానేసినవాళ్లూ అందులో ఉన్నారు. అలాంటి గుంపు పక్కన నిలబెడితే రోజూ ఒక పెగ్గు వేసేవాడు ఆరోగ్యంగా కనిపించడంలో వింతేముంది? నా దృష్టిలో ఈ వివాదానికంతటికీ తాళంచెవి 'తాగనివాళ్లు ఎవరు' అన్న ఈ ఒక్క ప్రశ్నే.

మరి మితమైన తాగుడు నిజంగా మేలు చేస్తుందా అన్నదానికి గట్టి జవాబు రావడానికి 2019 దాకా పట్టింది. చైనాలో 5 లక్షల మందిపై జరిగిన పరిశోధన మనుషులను, మద్యం ఒంటికి పడుతుందో లేదో నిర్ణయించే జన్యువుల ఆధారంగా పోల్చింది. జబ్బు చేసిందని జన్యువు మారదు కదా. అలా చూస్తే మితమైన తాగుడు పక్షవాతం నుంచి కాపాడుతుందన్న మాట నిలబడలేదు. తాగే కొద్దీ బీపీ, పక్షవాతం ముప్పు పెరుగుతూనే పోయాయి. గుండెపోటు విషయంలో మాత్రం తేడా స్పష్టంగా తేలలేదు.

మెదడు సంగతి ఇంకా ఆందోళనకరం. బ్రిటన్‌లో 550 మందిని 30 ఏళ్లు గమనించి 2017లో ఫలితాలు వెల్లడించారు. వారానికి 14 నుంచి 21 యూనిట్లు (ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్) తాగినవారిలో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ కుడివైపున కుంచించుకుపోయే అవకాశం తాగనివారికి 3 రెట్లు ఉంది. కొద్దిగా తాగడం వల్ల మెదడుకు మేలు జరిగిన ఆనవాలే లేదు. కాలేయం ఆల్కహాల్‌ను అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. డీఎన్ఏను దెబ్బతీసి క్యాన్సర్‌కు దారితీసేది అదే. కాలేయంలో కొవ్వు పేరుకోవడం, వాపు, చివరికి సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి పాడవడం) ఏళ్ల తరబడి తాగేవారిలో కనిపించే వరస.

తమ వాదన నిరూపించుకునే అవకాశం మద్యం కంపెనీలకూ దక్కింది. మితమైన తాగుడు గుండెకు మేలా అని తేల్చేందుకు తలపెట్టిన 10 కోట్ల డాలర్ల ప్రయోగానికి ఎక్కువ డబ్బు వాటిదే. తమ అధికారులే వెళ్లి ఆ నిధులు అడిగారని తేలడంతో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ 2018లో దాన్ని ఆపేసింది.

మూర్తి మార్చాలన్న, సీసాల మీద ఇప్పటికే ఉన్న హెచ్చరిక కూడా 1988 చట్టం నాటిదే. గర్భిణుల గురించి, డ్రైవింగ్ గురించి అందులో ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అదే ఏడాది మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో (మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవి) చేర్చినా, హెచ్చరికలో ఆ మాట లేదు. చేర్చాలంటే అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని సవరించాలి.