బుడగకు జ్వరం చూసేదెలా?

గుంటూరులో ఇంటర్ చదివే ఒకమ్మాయి అడిగింది: "శబ్దం పెడితే నీళ్లలో బుడగ వెలుగుతుందట, లోపల సూర్యుడి ఉపరితలం కన్నా వేడట. థర్మామీటర్ ఎక్కడ పెట్టారండీ?"

ఎక్కడా పెట్టలేదమ్మా. చోటూ లేదు, టైమూ లేదు. అల్ట్రాసౌండ్‌లో (మన చెవికి అందని శబ్దంలో) చిక్కిన బుడగ 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసార్ధం దాకా ఉబ్బి, అర మైక్రాన్‌కు నలిగిపోతుంది. లోపలి వాయువుకు వేడిని బయటికి వదిలే వ్యవధి ఉండదు. గాలి కొట్టేటప్పుడు సైకిల్ పంపు అడుగు వేడెక్కేదీ ఇలాగే. (వేడి బయటికి పోనివ్వకుండా నొక్కితే ఏమవుతుందో చెప్పే ఎడియబాటిక్ సూత్రం బట్టీ పట్టించే మాస్టార్లు ఒక్కసారి ఆ పంపు పట్టుకోనిస్తే ఎంత బాగుండు!) మెరుపు ఉండేది సెకనులో సుమారు వెయ్యి కోట్లవ వంతు.

నాదం నుంచి జ్యోతి పుడుతుందని మనవాళ్లు ఎప్పుడో చెప్పారని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఎంత వేడో కూడా చెప్పి ఉంటే పని తేలికయ్యేది.

మిగిలింది ఆ వెలుగే. ఇంద్రకీలాద్రి మెట్లు ఊహించుకోండి. భక్తులు ఎందరో లెక్క తెలియనక్కర్లేదు. కింది మెట్టు మీద ఎందరు, పై మెట్టు మీద ఎందరు, ఆ నిష్పత్తి చాలు, గుంపులో ఎంత ఊపుందో తెలుస్తుంది. పరమాణువులో ఎలక్ట్రాన్లకూ ఇలాంటి శక్తి మెట్లున్నాయి. వేడెక్కేకొద్దీ పై మెట్ల మీద జనం పెరుగుతారు. ఒక్కో మెట్టు దిగేటప్పుడు ఒక్కో రంగు గీత. కొన్ని మెట్ల మీదివాళ్లు ఇట్టే దిగేస్తారు, కొందరు తాత్సారం చేస్తారు. ఆ అలవాట్లు ల్యాబుల్లో ముందే కొలిచి పెట్టారు కాబట్టి, రెండు గీతల కాంతిని పోల్చి ఉష్ణోగ్రత లాగుతారు.

నీళ్లలో చిక్కేమిటంటే, ఒంటరి బుడగ వెలుగులో సాధారణంగా గీతలే కనబడవు, మెట్లను పొగమంచు కమ్మినట్టు. పైగా 200 నానోమీటర్ల కిందికి అతినీలలోహిత కాంతిని నీళ్లే మింగేస్తాయి. 2005లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫ్లానిగన్, సస్లిక్ నీళ్లు వదిలి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసుకున్నారు. ఆవిరి తక్కువ కాబట్టి వేడిని దొంగిలించేదీ తక్కువ. బుడగ ధగధగలాడింది, ఆర్గాన్ గీతలు బయటపడ్డాయి. లెక్క తేలింది: సుమారు 15,000 కెల్విన్. సూర్యుడి ఉపరితలం 5,800 దగ్గరే.

ఇక్కడే నాకు ఇష్టమైన మెలిక. అదే వెలుగులో ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఆక్సిజన్ అణువుల గీతలూ దొరికాయి. వాటిని ఆ మెట్టు దాకా ఎక్కించడం 15,000 కెల్విన్ల వల్ల కాదు. లోపల ప్లాస్మా, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువు, ఉండాలి, దాని నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు వీటిని గుద్ది ఎక్కించి ఉండాలి. ఆ ప్లాస్మా ఉన్న బుడగ నడిబొడ్డు తన కాంతిని బయటికి రానివ్వదు. అంటే 15,000 అనేది గుంపు అంచున నిలబడ్డవాళ్లను చూసి వేసిన లెక్క.